విటమిన్ డి తగ్గితే పెద్ద జబ్బు వస్తుందా, పెద్ద జబ్బు వస్తే విటమిన్ డి తగ్గుతుందా?

శ్రీలత, తెనాలి:
అందరికీ నమస్కారం. మా మామగారి వయసు 68. ఆయన న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చిన వారంలోనే, ఒక ల్యాబ్ వారి ప్యాకేజీలో రక్తపరీక్షలన్నీ చేయించాం. విటమిన్ డి మిల్లీలీటరుకు 11 నానోగ్రాములని, 30 పైన ఉండాలని, పక్కనే ఎర్ర అక్షరాలలో లోపమని రాసి ఇచ్చారు. అప్పటి నుంచి బంధువుల గ్రూపులో సందేశాలే సందేశాలు. విటమిన్ డి సరిగ్గా ఉండి ఉంటే ఆయనకు న్యుమోనియా వచ్చేదే కాదని, క్యాన్సర్, గుండెజబ్బు, క్షయ అన్నీ ఈ ఒక్క లోపం వల్లనే ముదురుతాయని, 60,000 యూనిట్ల మాత్ర రోజూ వేయమని ఒకరి తరువాత ఒకరు రాస్తున్నారు. మా వారు మాత్రలు తెచ్చారు కూడా, ఇంకా మొదలుపెట్టలేదు. ఈ విటమిన్‌కు నిజంగా అంత శక్తి ఉందా, ఉందంటే దానికి ఆధారమేమిటో తెలిసినవారు చెబుతారని అడుగుతున్నాను.

ఎండే మందు:
శ్రీలత గారూ, ఆ సందేశాలలో అతిశయోక్తి ఉంటే ఉండవచ్చు గాని, వాటి మూలం మాత్రం అబద్ధం కాదు. 2006లో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 'సైన్స్' పత్రికలో ఒక ముఖ్యమైన విషయం ప్రకటించారు. మన శరీరంలో క్రిములను మింగే మాక్రోఫేజ్ కణాలు క్షయ క్రిమి జాడ తగలగానే విటమిన్ డిని అందుకునే గ్రాహకాలను పెంచుకుంటాయి, రక్తంలోని విటమిన్ డిని తమలోనే చురుకైన రూపానికి మార్చుకుంటాయి, దానితో కాథెలిసిడిన్ అనే క్రిమిసంహారక పదార్థాన్ని తయారుచేస్తాయి. విటమిన్ డి తక్కువగా ఉన్నవారి రక్తరసంలో ఈ కణాలను ఉంచితే ఆ తయారీ మందగించింది, విటమిన్ కలిపితే మళ్ళీ పుంజుకుంది. అంటే ఇది ఎముకల విటమిన్ మాత్రమే కాదని, రోగనిరోధక శక్తికి కావలసిన సరుకని తేలింది.

ఇక కోవిడ్ సంగతి. 2020లో స్పెయిన్‌లోని కోర్డోబాలో ఆసుపత్రిలో చేరిన 76 మందిలో 50 మందికి విటమిన్ డి రూపాలలో ఒకటైన కాల్సిఫెడియాల్ ఇస్తే వారిలో ఒక్కరే ఐసీయూకు వెళ్ళారు. ఇవ్వని 26 మందిలో 13 మంది వెళ్ళారు. ఇంతకంటే ఏమి ఆధారం కావాలి?

పల్నాటి వైద్యుడు:
నేను జనరల్ మెడిసిన్ వైద్యుణ్ణి. ముందు శ్రీలత గారికి ఒక మాట: 60,000 యూనిట్ల మాత్ర రోజూ వేసుకునేది కాదు, దయచేసి మొదలుపెట్టవద్దు. మోతాదు సంగతి తరువాత రాస్తాను.

ఎండే మందు గారు చెప్పిన కణాల కథ నిజమే. ఎండలోని యూవీబీ అనే అతినీలలోహిత కిరణాలు చర్మంలోని ఒక కొలెస్టరాల్ సంబంధిత పదార్థాన్ని విటమిన్ డిగా మారుస్తాయి. కాలేయం దానిని 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మార్చి రక్తంలోకి వదులుతుంది, ల్యాబ్ కొలిచేది ఈ రూపాన్నే. మూత్రపిండాలు అందులో కొంత భాగాన్ని కాల్సిట్రియాల్ అనే చురుకైన హార్మోనుగా మారుస్తాయి. ఆ చివరి పనిని రోగనిరోధక కణాలు కూడా సొంతంగా చేసుకోగలవని తెలియడం గొప్ప విషయమే. అయితే గాజుపాత్రలోని కణంలో జరిగినది మంచం మీది రోగిలోనూ జరుగుతుందన్న హామీ లేదు.

ఇప్పుడు మీ మామగారి 11 సంగతి. అది ఎప్పటి కొలత? న్యుమోనియా తగ్గిన వారంలోది. జబ్బుకు, గాయానికి ఒళ్ళు స్పందించే వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) తీవ్రంగా ఉన్నప్పుడు 25-హైడ్రాక్సీ విటమిన్ డి దానంతటదే పడిపోతుంది. మోకాలి కీలు మార్పిడి చేయించుకున్నవారిని స్కాట్లాండ్ పరిశోధకులు గమనించి, శస్త్రచికిత్స తరువాత రెండు రోజులలోనే ఇది సుమారు 40 శాతం తగ్గినట్టు 2011లో ప్రచురించారు. ఆ రెండు రోజులలో వారికి ఎండ తగలకపోవడం దీనికి కారణం కాదు, ఎందుకంటే ఈ పదార్థం రక్తంలో సగానికి తగ్గడానికే మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. జ్వరం వచ్చినవారికి నోరు చేదుగా ఉంటుంది. ఆ చేదే జ్వరం తెచ్చిందని ఎవరూ అనరు. తీవ్రమైన జబ్బుతో ఆసుపత్రిలో పడుకున్నవారిలో విటమిన్ డి తక్కువగా కనిపించడమన్నది, కనీసం కొంతవరకు, అటువంటి చేదే. స్థూలకాయులలో, మధుమేహులలో, ముసలివారిలో, గడప దాటలేని దీర్ఘరోగులలో ఈ స్థాయి ముందునుంచే తక్కువ. వారికే పెద్ద జబ్బులు ఎక్కువ. అందుచేత రెండూ జంటగా కనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

గణాంకాల రామం:
వైద్యుడు గారు అన్న చిక్కును విడదీయడానికి ఉన్న మార్గం ఒక్కటే. మనుషులను లాటరీ పద్ధతిలో రెండు బృందాలు చేసి, ఒకరికి విటమిన్, మరొకరికి అచ్చం దానిలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి, ఎవరికి ఏది అందిందో ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ తెలియకుండా ఏళ్ళ తరబడి చూడాలి. ఆ పని జరగలేదని చాలామంది అనుకుంటారు, కానీ భారీగానే జరిగింది.

అమెరికాలో వైటల్ అనే పరీక్షలో 25,871 మందిని చేర్చుకున్నారు. విటమిన్ బృందానికి రోజుకు 2,000 యూనిట్ల చొప్పున ఇచ్చి సగటున అయిదేళ్ళకు పైగా చూశారు. క్యాన్సర్ రావడంలోనూ, గుండెపోటు, పక్షవాతం వంటి వాటిలోనూ చెప్పుకోదగిన తేడా రాలేదు. ఎముకలు విరగడం కూడా తగ్గలేదని 2022లో అదే పరీక్ష నుంచి వెలువడింది. ఆస్ట్రేలియాలో డి-హెల్త్ పరీక్షలో 60 ఏళ్ళు దాటిన 21,315 మందిలో సగం మందికి నెలకు 60,000 యూనిట్ల చొప్పున అయిదేళ్ళు ఇచ్చారు. మరణాలలో తేడా లేదు. మధుమేహం అంచున ఉన్న 2,423 మందిలో సగం మందికి రోజుకు 4,000 యూనిట్లు ఇచ్చిన డీ2డీ అనే అమెరికా పరీక్షలో మధుమేహం కాస్త తగ్గినట్టు కనిపించినా, అది యాదృచ్ఛికం కాదని చెప్పగలిగినంత తగ్గలేదు.

కోర్డోబా సంగతి. 76 మంది అంటే చాలా చిన్న లెక్క. పైగా అందులో ఉత్తుత్తి మాత్ర లేదు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు విటమిన్ ఇవ్వని బృందంలోనే ఎక్కువగా పడ్డారు. కోవిడ్‌లో ఐసీయూకు ఎవరు ఎక్కువగా వెళ్ళారో మనం చూసినదే కదా. అదే కాలంలో బ్రెజిల్‌లోని సావో పాలోలో 240 మంది రోగులలో సగం మందికి, ఉత్తుత్తి మందుతో పోల్చి, 2,00,000 యూనిట్లు ఒకేసారి ఇస్తే ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గలేదు, మరణాలూ తగ్గలేదు.

ఎండే మందు:
రామం గారూ, మీ లెక్కలలో పెద్ద లోపం ఒకటి ఉంది. వైటల్‌లో చేరినవారి సగటు విటమిన్ డి మొదట్లోనే 30 నానోగ్రాములు దాటి ఉంది. కడుపు నిండినవాడికి అన్నం పెట్టి, బలం పెరగలేదని తీర్పు చెప్పినట్టుంది! లోపం ఉన్నవారికి ఇచ్చి చూడాలి. 2017లో 'బీఎంజే'లో వచ్చిన సమీక్ష 25 పరీక్షలను, దాదాపు 11 వేల మంది వివరాలను కలిపి చూసింది. విటమిన్ డి తీసుకున్నవారిలో శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు మొత్తం మీద తగ్గాయి. స్థాయి 10 కంటే తక్కువగా ఉండి, ఒక్కసారిగా పెద్ద మోతాదు కాకుండా రోజూ గాని వారం వారం గాని తీసుకున్నవారిలో చాలా ఎక్కువగా తగ్గాయి. మన దేశంలో ఎక్కువమంది ఆ కోవకు దగ్గరగా ఉన్నవారే. అమెరికా ఫలితాన్ని తెచ్చి తెనాలికి అంటగట్టడం న్యాయమా?

గణాంకాల రామం:
ఇది మంచి ప్రశ్న, దీనిని పక్కన పెట్టలేము. లోపం లేనివారిలో ఫలితం రాలేదు గనుక లోపం ఉన్నవారిలోనూ రాదని ఎవరైనా అంటే అది తప్పే. అందుకే మంగోలియా పరీక్ష నాకు అన్నిటికంటే ముఖ్యమనిపిస్తుంది.

ఉలాన్‌బాతర్‌లో చలికాలం భయంకరంగా ఉంటుంది, క్షయ కూడా ఎక్కువ. అక్కడి బడిపిల్లలు 8,851 మందిని తీసుకున్నారు. వారిలో నూటికి 95 మందికి పైగా విటమిన్ డి 20 కంటే తక్కువగా ఉన్నవారే. సగం మందికి వారానికి 14,000 యూనిట్ల చొప్పున మూడేళ్ళు ఇచ్చారు. మీరు కోరినట్టే లోపం ఉన్నవారు, మీరు కోరినట్టే వారం వారం ఇచ్చే పద్ధతి. మూడేళ్ళ తరువాత విటమిన్ పుచ్చుకున్న పిల్లల సగటు 31కి పెరిగింది, మిగిలినవారిది 11 దగ్గరే ఉండిపోయింది. ఇంత స్పష్టమైన తేడా ఉండి కూడా క్షయ క్రిమి సోకినవారు మొదటి బృందంలో 3.6 శాతం, రెండవ బృందంలో 3.3 శాతం. 2020లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో వచ్చింది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ పిల్లలలో జరిగిన పరీక్ష కూడా దాదాపు ఇదే చెప్పింది.

మీరు చెప్పిన 2017 సమీక్షను ఆ బృందమే తరువాత పెంచుకుంటూ పోయింది. 2025లో 'లాన్సెట్' కుటుంబపు పత్రికలో వచ్చిన తాజా రూపంలో 46 పరీక్షలు, 60 వేలకు పైగా మనుషులు ఉన్నారు. రెండు బృందాల ముప్పును పోల్చే ఆడ్స్ నిష్పత్తి (1 అయితే తేడా లేనట్టు, తగ్గితే లాభం) 0.94కు వచ్చింది, అంటే లాభం ఉందని గట్టిగా చెప్పగల గీతకు సరిగ్గా అంచున నిలిచింది. లోపం తీవ్రంగా ఉన్నవారిలో ప్రత్యేకమైన లాభం ఈసారి కనబడలేదు. మొదట్లో 0.88, నడుమ 0.92, ఇప్పుడు 0.94. పరీక్షలు చేరుతున్నకొద్దీ లాభం కరిగిపోతున్నదన్న మాట.

మదనపల్లె మాస్టారు:
క్షయ మాట వచ్చింది గనుక నేను ఊరుకోలేను. మా ఊరి పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915 నుంచి అక్కడ క్షయ శానిటోరియం నడిచింది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్-మొల్లర్ అనే వైద్యుడు దానికి పేరు తెచ్చారు. క్షయకు మందు లేని ఆ రోజులలో దక్షిణ దేశమంతటి నుంచీ రోగులు వచ్చేవారు. పొడిగాలి, విశ్రాంతి, మంచి తిండి, ఎండ ఇవే వైద్యం. కాడ్ చేప కాలేయపు నూనెను క్షయకు ఇవ్వడం అంతకు చాలా ముందే లండన్‌లోని బ్రాంప్టన్ ఆసుపత్రిలో మొదలైంది, 1849లోనే దాని గురించి రాశారు. ఆ నూనెలో విటమిన్ డి ఉందని అప్పటికి ఎవరికీ తెలియదు, ఆ పేరే 1922 దాకా పుట్టలేదు. అందుకే విటమిన్ డి పక్షం వహించేవారు ఈ చరిత్రను తరచు సాక్ష్యానికి పిలుస్తారు.

కానీ ఆ సాక్షిని అడ్డుప్రశ్నలు కూడా వేయాలి. స్విట్జర్లాండ్‌లోని లేసాన్‌లో రోలియే అనే వైద్యుడు ఎండ వైద్యానికి ప్రసిద్ధుడు. ఆయన మెప్పు పొందింది ముఖ్యంగా ఎముకల, కీళ్ళ క్షయలో. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారిని మండుటెండలో ఉంచితే ప్రమాదమని ఆ కాలపు వైద్యులే భయపడేవారు. చర్మక్షయను కాంతితో నయంచేసి 1903లో నోబెల్ బహుమతి పొందిన ఫిన్సెన్‌ను కూడా విటమిన్ డి ఖాతాలో వేస్తుంటారు. ఆయన దీపాల కటకాలను ఈ శతాబ్దంలో మళ్ళీ పరీక్షించిన డెన్మార్క్ పరిశోధకులు, విటమిన్ డిని తయారుచేయగల కిరణాలను ఆ గాజే ఆపేస్తుందని తేల్చారు. నయం కావడం నిజం, కారణం వేరు.

ఇంకొకటి. 1956లో మదరాసులో క్షయ కీమోథెరపీ (మందులతో చికిత్స) కేంద్రం పెట్టి, 193 మంది రోగులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి, అందరికీ ఒకే మందులు ఇచ్చి, సగం మందిని శానిటోరియంలో, సగం మందిని వారి వారి ఇరుకు ఇళ్ళలోనే ఉంచారు. ఇంటి దగ్గర తిండి తక్కువ, విశ్రాంతి తక్కువ. అయినా ఇంటి దగ్గర ఉన్నవారు ఇంచుమించు అంతే బాగా కోలుకున్నారని 1959లో ప్రకటించారు. ప్రపంచంలో శానిటోరియాల కాలం ముగియడానికి ఈ మదరాసు పరీక్ష ఒక ముఖ్య కారణం. మందు పడిన తరువాత గాలికీ ఎండకూ మిగిలిన పని పెద్దగా లేదు.

పల్నాటి వైద్యుడు:
మాస్టారూ, చాలా సంతోషం. దానికి కొనసాగింపు కూడా మన దక్షిణాదిలోనే ఉంది. తమిళనాడులో చికిత్స పొందుతున్న 247 మంది క్షయ రోగులలో సగం మందికి మామూలు మందులతో పాటు పెద్ద మోతాదు విటమిన్ డి ఇచ్చి చూశారు, 2015లో ప్రచురించారు. కళ్ళెలోని క్రిములు తొందరగా మాయం కాలేదు. పైగా క్షయలో ఒక విచిత్రం ఉంది. క్షయ గడ్డలలోని మాక్రోఫేజ్‌లు అదుపు లేకుండా కాల్సిట్రియాల్ తయారుచేయడం వల్ల కొందరిలో రక్తంలో కాల్షియం దానంతటదే పెరుగుతుంది. అటువంటివారికి విటమిన్ డి గుప్పిస్తే మేలుకు బదులు కీడు.

అయితే తిండి మాట మాత్రం కొట్టివేయకండి. మందు పడిన రోగి కోలుకోవడం వేరు, అతని ఇంట్లోవారికి జబ్బు రాకుండా ఆపడం వేరు. జార్ఖండ్‌లో జరిగిన రేషన్స్ అనే పరీక్షలో క్షయ రోగుల ఇంట్లోవారు 10,345 మందిని చూశారు. వారిలో ఒక భాగానికి నెలనెలా బియ్యం, పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు ఇస్తే వారికి క్షయ రావడం 39 శాతం తగ్గింది. 2023లో 'లాన్సెట్'లో వచ్చింది. ఆ మాత్రలలో విటమిన్లు కూడా ఉన్నాయి గాని, కడుపు నిండా అన్నం పప్పు పెట్టడమే అక్కడి ముఖ్యమైన మార్పు. ఒక్క విటమిన్‌ను విడదీసి ఇస్తే రాని ఫలితం భోజనంతో వచ్చింది. దీని గురించి మన బంధువుల గ్రూపులలో ఒక్క సందేశమూ రాదు, ఎందుకో!

క్లైడ్ ఒడ్డున:
నేను గ్లాస్గోలో ఉంటున్నాను. ఇక్కడి చర్చ వేరే తీరుగా ఉంటుంది గనుక రెండు మాటలు. ఈ ఊరు 56 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర. అక్టోబరు నుంచి మార్చి దాకా ఎండ ఉన్నా అందులో చాలినంత యూవీబీ ఉండదు, ఎంతసేపు నిలబడినా విటమిన్ డి తయారుకాదు. భారతదేశం నుంచి, పాకిస్తాన్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాల పిల్లలలో ఎముకలు వంకరపోయే రికెట్స్, ఆడవారిలో ఎముకలు మెత్తబడటం 1960ల నుంచి ఈ నగరంలో పెద్ద సమస్యగా ఉండేవి. 1981లో బ్రిటన్ ప్రభుత్వం ఆసియా కుటుంబాల కోసం రికెట్స్ నివారణ ఉద్యమమే నడిపింది. ఇప్పుడు చలికాలంలో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాములు, అంటే 400 యూనిట్లు తీసుకోవాలని, నల్లని చర్మం ఉన్నవారు ఏడాది పొడుగునా తీసుకోవడం మేలని ప్రభుత్వ సలహా. మా ఇంట్లో అందరం తీసుకుంటాం.

లండన్‌లోని గుజరాతీలలో విటమిన్ డి లోపానికీ క్షయకూ సంబంధం కనిపిస్తోందని 2000లో 'లాన్సెట్'లో వచ్చిన పరిశోధన ఇక్కడివారికి బాగా గుర్తు. అందుకే కోవిడ్ వచ్చినప్పుడు దక్షిణాసియావారు ఎక్కువగా చనిపోవడానికి విటమిన్ డి లోపమే కారణమని అందరూ అనుకున్నారు. లక్షలమంది ఆరోగ్య వివరాలు దాచిన యూకే బయోబ్యాంక్ సమాచారంతో చూస్తే ఆ తేడాకు విటమిన్ డి సమాధానం కాలేదు. తరువాత కరోనావిట్ అనే పరీక్షలో 6,200 మందిలో సగం మందికి లోపం ఉందేమో చూసి, ఉన్నవారికి మాత్రలు ఇచ్చారు, కోవిడ్ గాని ఇతర శ్వాసకోశ ఇన్ఫెక్షన్లు గాని తగ్గలేదు. నార్వేలో 34 వేలకు పైగా మందిలో సగం మందికి చలికాలమంతా కాడ్ లివర్ ఆయిల్ ఇచ్చినా అంతే.

ఔషధశాల:
మందుల దుకాణం నడుపుతున్న వ్యక్తిగా నా గోడు. 60,000 యూనిట్ల మాత్ర, పొడి ప్యాకెట్, చిన్న సీసాలోని ద్రవం, ఏ రూపంలో ఉన్నా అది సాధారణంగా వారానికి ఒకటి వాడవలసినది. చీటీ లేకుండా వచ్చి అడిగేవారే ఎక్కువ. పైగా ఎనిమిది వారాలకని ఒకసారి రాసిచ్చిన చీటీని పట్టుకుని ఏళ్ళ తరబడి వాడేవారూ ఉన్నారు, రోజుకొకటి మింగి వాంతులు, మలబద్ధకం, తీరని దాహంతో ఆసుపత్రి పాలైనవారూ ఉన్నారు. నీటిలో కరిగే విటమిన్లు ఎక్కువైతే మూత్రంలో పోతాయి, ఇది కొవ్వులో కరిగేది, ఒంట్లో నిలవ ఉంటుంది. ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. జాగ్రత్త అని చెబితే, విటమినే కదా అంటారు.

పల్నాటి వైద్యుడు:
ఔషధశాల గారు చెప్పినదానికి ఒక పరీక్షను జతచేస్తాను. ఆస్ట్రేలియాలో 70 ఏళ్ళు దాటిన 2,256 మంది స్త్రీలలో సగం మందికి ఏడాదికొకసారి 5,00,000 యూనిట్లు ఇచ్చారు. ఎముకలకు బలమని ఇస్తే, ఆ స్త్రీలే ఎక్కువసార్లు కిందపడ్డారు, ఎముకలు కూడా వారికే ఎక్కువ విరిగాయి. 2010లో వచ్చిన ఈ ఫలితం తరువాత ఒక్కసారిగా గుప్పించే పద్ధతి మీద నాకు నమ్మకం పోయింది.

ఇంత ఎండలో మనకు లోపమేమిటని చాలామంది అడుగుతారు. తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థ పరిశోధకులు ఈ ప్రశ్నను ఏళ్ళ తరబడి పట్టించుకున్నారు. పొలంలో పనిచేసే పల్లెవారిలో విటమిన్ డి పట్నవాసుల కంటే ఎక్కువే ఉన్నా, వారిలోనూ, అందులోనూ ఆడవారిలో, చాలామందికి 20 కంటే తక్కువే ఉందని 2007లో రాశారు. తిండిలో కాల్షియం తక్కువ, కాల్షియం ఒంటికి పట్టకుండా అడ్డుపడే, ధాన్యాలలోని ఫైటేట్లు ఎక్కువ. కాల్షియం చాలనప్పుడు శరీరం విటమిన్ డిని త్వరగా ఖర్చుపెట్టేస్తుంది. చర్మపు రంగు, ఒళ్ళంతా కప్పే బట్టలు, నగరాలలో పొగ దీనికి తోడు. లేత ఎండ మంచిదన్న మాట ఇక్కడ పనిచేయదు. తిరుపతి అక్షాంశంలో విటమిన్ డి బాగా తయారయ్యేది పగలు 11 నుంచి 2 గంటల నడుమ. మన నీడ మనకంటే పొట్టిగా ఉన్నప్పుడే యూవీబీ చాలినంత అందుతుంది. కిటికీ అద్దం వెనుక కూర్చుంటే ఏమీ రాదు. వేసవిలో వడదెబ్బ ఉంది గనుక 68 ఏళ్ళ మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టమని నేను చెప్పను. పాలు, వంటనూనెలలో విటమిన్ ఎ, డి కలిపినవాటికి ప్లస్ ఎఫ్ గుర్తు ఉంటుంది, అటువంటివి కొనుక్కోవడం సులువు.

శ్రీలత, తెనాలి:
ఇన్ని వివరాలు రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. మరి 11 అన్న అంకెను ఏమి చేయమంటారు? ఊరికే వదిలేయవచ్చా? ఆ 30 గీత ఎక్కడి నుంచి వచ్చింది?

పల్నాటి వైద్యుడు:
వదిలేయవద్దమ్మా. జబ్బు వల్ల కొంత పడిపోయి ఉన్నా 68 ఏళ్ళ మనిషికి 11 తక్కువే. అది సరిచేయవలసింది ఆయన ఎముకల కోసం, కండరాల కోసం. మళ్ళీ న్యుమోనియా రాకుండా కాపలా కాస్తుందని మాత్రం కాదు.

30 గీత హార్మోను వైద్యుల సంఘమైన అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2011లో గీసినది. అదే ఏడాది అమెరికాలోని వైద్య సంస్థ ఒకటి 20 చాలని, 12 కంటే తక్కువైతే లోపమని చెప్పింది. 2024లో ఎండోక్రైన్ సొసైటీయే ఆ 30 గీతను వదులుకుని, ఆరోగ్యంగా ఉన్న పెద్దలకు ఊరికే ఈ పరీక్ష చేయించనవసరం లేదని రాసింది. ల్యాబుల కాగితాలలో మాత్రం 30 అలాగే ఉంది. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థను నడిపే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో రోజుకు కావలసినది 600 యూనిట్లని నిర్ణయించింది.

మీరు ముందుగా ఆయనను చూసిన వైద్యుని దగ్గరకు వెళ్ళి కాల్షియం, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూపించండి. కిడ్నీలో రాళ్ళ చరిత్ర ఉంటే చెప్పండి. అవి బాగుంటే సాధారణంగా వారానికి ఒక 60,000 మాత్ర, ఎనిమిది వారాలు, ఆ తరువాత రోజూ చిన్న మోతాదు రాస్తారు. మళ్ళీ పరీక్ష మూడు నెలల తరువాత అదే ల్యాబ్‌లో చేయిస్తే పోల్చుకోవడానికి వీలుంటుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, న్యుమోకోకల్ టీకా, ఏటేటా ఫ్లూ టీకా గురించి ఆ వైద్యుణ్ణి అడగండి. న్యుమోనియా మళ్ళీ రాకుండా చూడాలన్నదే మీ భయమైతే, ఆధారం గట్టిగా ఉన్నది అక్కడ.

ఎండే మందు:
వైద్యుడు గారు చెప్పిన మోతాదుతో నాకు పేచీ లేదు. అయితే మీరంతా కలిసి ఈ విటమిన్‌ను పూర్తిగా ఎముకల గదిలో పెట్టి తాళం వేస్తున్నారు. అదే వైటల్‌లో కీళ్ళవాతం, సోరియాసిస్ వంటి, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదికే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులు 22 శాతం తగ్గాయని 2022లో వచ్చింది కదా, దానిని ఎవరూ ఎత్తలేదేం? క్యాన్సర్ రావడం తగ్గకపోయినా, క్యాన్సర్‌తో చనిపోవడం మొదటి రెండేళ్ళు వదిలి లెక్కిస్తే నాలుగో వంతు తగ్గింది. ఐసీయూ రోగులలో కూడా ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో 492 మంది మీద జరిగిన పరీక్షలో, 12 లేదా అంతకంటే తక్కువ ఉన్నవారిలో ఆసుపత్రి మరణాలు 46 శాతం నుంచి 29 శాతం దగ్గరకు దిగాయి. ఇది చిన్న విషయమా?

గణాంకాల రామం:
చిన్న విషయం కాదు. ఆటోఇమ్యూన్ ఫలితాన్ని నేను గౌరవిస్తాను, అది ముందే అనుకుని చూసిన లెక్క. క్యాన్సర్ మరణాలది అంత బలమైనది కాదు, మొదటి రెండేళ్ళు కలిపితే తేడా నిలవదు. గ్రాట్స్ సంగతికి వస్తే, 492 మందిని మొత్తంగా చూసినప్పుడు ఆసుపత్రిలో గడిపిన రోజులు తగ్గలేదు, ఒక ఉపబృందంలో మాత్రం మరణాలు తగ్గినట్టు కనిపించింది. తరువాత అమెరికాలో వయొలెట్ అనే పరీక్షలో లోపం ఉన్న 1,078 మంది తీవ్ర రోగులలో దాదాపు సగం మందికి 5,40,000 యూనిట్లు ఇస్తే 90 రోజులలో మరణాలు విటమిన్ బృందంలో 23.5 శాతం, మిగిలినవారిలో 20.6 శాతం. ఒక్కసారే ఇచ్చి ఆపేశారని, తీవ్ర లోపం ఉన్నవారిని మాత్రమే తీసుకోలేదని మీరు అనవచ్చు. గ్రాట్స్ వారూ అదే అన్నారు. అందుకే 12 లేదా అంతకంటే తక్కువ ఉన్న ఐసీయూ రోగులను మాత్రమే తీసుకుని, మొదట 5,40,000, తరువాత రోజుకు 4,000 ఇచ్చి, 2,400 మందితో తేల్చాలని విటడలైజ్ అనే పరీక్ష మొదలుపెట్టారు. మీ వాదానికి అంతకంటే అనుకూలమైన పరీక్ష ఉండదు.

ఎండే మందు:
ఒప్పుకుంటున్నాను. దాని ఫలితం ఇక్కడే మాట్లాడుకుందాం.

గణాంకాల రామం:
అయితే ఇప్పుడే రాసి పెట్టుకుందాం. వారు ముందుగా ప్రకటించిన ప్రధాన లెక్క 28 రోజులలో మరణాలు. అందులో తేడా వస్తే నేను నా మాట మార్చుకుంటాను. రాకపోతే, మగవారిలో వచ్చిందనో, 60 దాటినవారిలో వచ్చిందనో మరో ఉపబృందాన్ని మీరు తీసుకురాకూడదు. సరేనా?

ఎండే మందు:
సరే. మోతాదు అందినట్టు రక్తంలో స్థాయి పెరిగి ఉండాలన్నది మాత్రం నా షరతు.